అర్జీకి ప్రదక్షిణ

ఓరుగల్లు జనానికి పాలనలో భాగం లేదనేవాళ్లకు లెక్కలు రావు. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి డివిజన్‌కూ నాలుగు వార్డు కమిటీలు: యువతకొకటి, మహిళలకొకటి, వృద్ధులకొకటి, ప్రముఖులకొకటి. ఒక్కోదాంట్లో 15 మంది. గ్రేటర్ వరంగల్‌లో 66 డివిజన్లు. గుణిస్తే 3,960 మంది సలహాదారులు! వీళ్లంతా ఎప్పుడు, ఎక్కడ కూర్చుంటారో మీ వీధిలో నలుగురిని అడగండి. అందులో ఒకాయన తానే సభ్యుడని తెలిసి ఉలిక్కిపడినా ఆశ్చర్యం లేదు.

సరే, కమిటీ దొరక్కపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉండనే ఉంది. నగరం ఒకటే, కలెక్టరేట్లు రెండు: హనుమకొండకొకటి, వరంగల్‌కొకటి. మన మోరీ ఏ జిల్లాలో పొంగుతున్నదో ముందు తేల్చుకుని పోవాలె. అక్కడ అర్జీ తీసుకుంటారు, నంబరేస్తారు, రసీదిస్తారు, పచ్చ సిరాతో ‘తగు చర్య నిమిత్తం’ అని రాసి కింది ఆఫీసుకు తోలుతారు. ఆ కింది ఆఫీసు ఏదయ్యా అంటే, మోరీ తీయించనిదే! ఫిర్యాదు ఎవరి మీదో, విచారణాధికారీ ఆయనే. ‘సమస్య పరిష్కరించబడినది’ అని ఫైలు మూస్తారు. మోరీ మాత్రం తెరిచే ఉంటుంది.

జనం పాల్గొనడం లేదని ఎవరూ నిందించొద్దు. ప్రతి సోమవారం అర్జీ పట్టుకుని లైన్‌లో నిలబడేది వాళ్లే. ఇక పాల్గొనాల్సింది సార్లే. ఒక్క సోమవారం ప్రజావాణిని ఏసీ హాల్లో కాకుండా మోరీ గట్టు మీద పెట్టి చూడండి. తీర్మానం ముక్కు మూసుకుని ఏకగ్రీవమవుతుంది!