సోనీ వారి ఐదు రోజుల ప్రసాదం

2025 ఫిబ్రవరి 8, రెండో శనివారం. బ్యాంకులకు సెలవు, సర్కారు ఆఫీసులకు సెలవు. ఆ రోజు సోనీ వారి ఆన్‌లైన్ గేమ్‌ల సేవ, ప్లేస్టేషన్ నెట్‌వర్క్ కూడా సెలవు పెట్టింది. మన గడియారం ప్రకారం తెల్లవారుజామున పడుకున్న సర్వర్లు ఆదివారం పొద్దుటికి గానీ లేవలేదు. అమెరికాలో అది శుక్రవారం సాయంత్రం మొదలై శనివారం రాత్రిదాకా సాగింది. అంటే వారమంతా ఆఫీసులో అరిగిపోయినవాడు సోఫాలో కూలబడి కంట్రోలర్ చేతిలోకి తీసుకునే వేళన్నమాట. ఏ సిద్ధాంతి పెట్టాడో గానీ ఇంతకన్నా గట్టి ముహూర్తం దొరకదు. మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్ అనే కొత్త గేమ్‌ను విడుదలకు ముందు రుచి చూపించే బీటా కూడా సరిగ్గా ఆ వారాంతమే. రాక్షసుల్ని వేటాడదామని కత్తులు నూరుకున్న వీరులంతా లాగిన్ పేజీ దగ్గరే నేలకొరిగారు.

మన ఇళ్లలో ఆ శనివారం ఎలా గడిచి ఉంటుందో ఊహించడం కష్టమేం కాదు.

"ఏరా, కరెంటుంది, నెట్టుంది, మొహం ఎందుకలా వేలాడేశావ్?"

"సర్వర్ డౌన్ అమ్మా."

"మరి ఎప్పుడు రమ్మన్నారు?"

ఆ తల్లిని తప్పు పట్టలేం. రేషన్ దుకాణంలో వేలిముద్ర మిషన్ ముందూ, రిజిస్ట్రేషన్ ఆఫీసు బల్ల ముందూ 'సర్వర్ డౌన్, రేపు రండి' అని విని, సంచీ మడిచి చంకలో పెట్టుకుని తిరిగొచ్చిన తరం ఆవిడది. సర్వర్ లేచాక 'మిమ్మల్ని తిప్పించుకున్నాం, ఈ నెల ఇంకో ఐదు కిలోలు పట్టుకెళ్లండి' అన్న డీలరు ఈ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎవరికీ తగిలినట్టు లేదు. అందుకే ఆ సోనీ వాళ్లెవరో క్షమించమని అడిగి, ఐదు రోజులు ఊరికే ఇస్తున్నారనగానే ఆవిడ "పాపం, మంచివాళ్లే" అనేస్తుంది. గేమర్ అలా అనడు. మంచితనమైనా సరే, అతనికి స్కోరు బోర్డు మీద కనపడాలి.

ఇంతకీ సోనీ చెప్పిందేమిటి? మొదట, కొందరికి ఇబ్బంది ఎదురవుతున్నట్టు మా దృష్టికి వచ్చింది అంది. ప్రపంచమంతా తలుపులు బాదుతుంటే 'కొందరు' అనగలిగే నిబ్బరం మామూలుది కాదు. ఆ తర్వాత దాదాపు రోజంతా నోరు విప్పలేదు. చివరికి, నిర్వహణలో తలెత్తిన సమస్య నుంచి పూర్తిగా కోలుకున్నాం, క్షమించండి, ప్లేస్టేషన్ ప్లస్ సభ్యులందరికీ ఐదు రోజుల అదనపు సేవ దానంతటదే జమవుతుంది అంది. నిర్వహణలో సమస్య అంటే ఏమిటని అడక్కండి. కాలు విరిగినవాణ్ని ఏమైందని అడిగితే 'నడకలో సమస్య' అన్నట్టే అది.

ఆ ఒక్క రోజులో గేమర్ల మనసు ఎన్ని మజిలీలు దాటిందో చూడాలి. తొలి గంటలో ఎవరికి వాళ్లు సొంత రూటర్‌నే అనుమానించారు. ఆపి వెలిగించారు, మళ్లీ ఆపి వెలిగించారు, ఏ పాపమూ ఎరగని ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేసి గొడవపడ్డారు. ఊరందరిదీ ఇదే కథ అని తెలిశాక ఊపిరి పీల్చుకున్నారు. కష్టం నలుగురికీ వస్తే సగం కష్టమే. ఆ తర్వాత లాయర్లు బయల్దేరారు. నిన్నటిదాకా షరతులూ నిబంధనలూ చదవకుండా 'అంగీకరిస్తున్నాను' నొక్కినవాళ్లు హఠాత్తుగా వినియోగదారుల హక్కుల మీద ఉపన్యాసాలు దంచారు. వాళ్ల వెనకే వేదాంతులు: ఒక్కరోజు ఆడకపోతే కొంపలేం మునగవు, బయటికెళ్లి ఎండలో నిలబడండి నాయనా. ఈ హితవు చెప్పేవాళ్లు కూడా లోపల కూర్చుని ప్రతి పది నిమిషాలకూ లాగిన్ నొక్కి చూస్తున్నవాళ్లే. కంప్యూటర్లో ఆడేవాళ్లకు మాత్రం ఆ రోజు పండగ. పక్కింటి పెళ్లి ఆగిపోతే భోజనాలు మిగిలాయన్నంత సంబరం.

అందరికన్నా నన్ను ఆకట్టుకున్నది కంపెనీ అభిమానులు. వాళ్లకు సోనీలో వాటా లేదు, ఉద్యోగం లేదు, అయినా ఎవరైనా పల్లెత్తు మాటంటే ఊరుకోరు. అంత పెద్ద నెట్‌వర్క్ నడపడమంటే మాటలా, ఇంజనీర్లు నిద్ర మానేసి పనిచేస్తుంటే మీకు గేమ్ కావాల్సొచ్చిందా అని గద్దిస్తారు. సొంత అన్నయ్య ఆస్పత్రిలో ఉన్నా ఇంత ఆత్రంగా కనుక్కోరేమో. సినిమా హీరోల అభిమాన సంఘాలు చూసినవాళ్లం కాబట్టి మనకిది కొత్త కాదు. కాకపోతే అక్కడ కటౌట్‌కి కనీసం ఒక మొహం ఉంటుంది.

ఇప్పుడు లెక్కకొద్దాం. అప్పటికి అమెరికాలో ప్లస్‌లోని అన్నిటికన్నా చిన్న తరగతి ఏడాది చందా 79.99 డాలర్లు. 2023 సెప్టెంబర్‌కు ముందు అది 59.99. ఐదు రోజుల వాటా చూస్తే 1 డాలరూ 10 సెంట్లు. పోయింది ఒక్కరోజు, ఇచ్చింది ఐదు రోజులు, ఐదింతలు. ఏ లెక్కల మాస్టారు దిద్దినా సోనీకి నూటికి నూరే. గేమర్ కడుపుమంట మాత్రం చల్లారలేదు. కారణం ఉంది. మన ఇళ్లలో పాలవాడు ఒకరోజు నాగా పెడితే వంటింటి క్యాలెండర్ మీద సున్నా చుట్టి, నెలాఖరున ఆ రోజు డబ్బు కోసేస్తాం. కోసేది డబ్బు, పాలు కాదు. 'నిన్న పోయలేదు కాబట్టి వచ్చేనెల చివర్లో ఐదు రోజులు ఊరికే పోస్తానమ్మా' అంటే ఏ ఇల్లాలూ ఒప్పుకోదు. నిన్న పిల్లాడు తాగాల్సిన పాలు వచ్చేనెల వాడికెందుకు? సోనీ ఇచ్చింది అలాంటి పాలే. పోయింది శనివారం. ఇచ్చినవి ఏ వారమో తెలియని ఐదు రోజులు.

అసలు ఈ వ్యాపారంలో క్షమాపణ ఎప్పుడూ నగదు రూపంలో రాదు. కొట్టువాడి నాణెంలోనే వస్తుంది, ఆ కొట్లోనే చెల్లుతుంది. ఈ విద్యకు పెద్ద బాలశిక్ష 2011లో రాశారు.

ఆ ఏడాది ఏప్రిల్ 20న ప్లేస్టేషన్ నెట్‌వర్క్ ఆగిపోయింది. ఎందుకో చెప్పలేదు. రెండు రోజులకు బయటివాళ్లెవరో చొరబడ్డారన్నారు. ఏప్రిల్ 26న అసలు సంగతి బయటపెట్టారు: సుమారు 7.7 కోట్ల ఖాతాల్లోని పేర్లూ, చిరునామాలూ, పుట్టినరోజులూ దొంగల చేతికి పోయాయి. ఆరు రోజులపాటు జనం గేమ్ ఎప్పుడొస్తుందని అడుగుతూ వచ్చారు. అడగాల్సింది తమ పేరూ ఊరూ ఎక్కడ తిరుగుతున్నాయని. మే 1న టోక్యోలో సోనీ ఉన్నతాధికారి కజువో హిరాయ్, మరో ఇద్దరు పెద్దలు లేచి నిలబడి, నడుం వంచి, తల దించారు. జపాన్ మర్యాద అది, అందులో వెటకారం చేయాల్సిందేమీ లేదు. మన దగ్గర తప్పు జరిగితే వంగేది కింది గుమస్తా నడుమే. మర్నాడే, సోనీ ఆన్‌లైన్ గేమ్‌ల విభాగంలో ఇంకో 2.46 కోట్ల ఖాతాల సంగతీ అంతేనని తేలింది. నడుం నిటారుగా చేసుకునే వ్యవధైనా దొరికిందో లేదో.

మూడు వారాల పైచిలుకు తర్వాత, మే నెల మధ్యలో నెట్‌వర్క్ కొద్దికొద్దిగా కళ్లు తెరిచింది. అందరూ పాస్‌వర్డ్ మార్చుకోవాలన్నారు. రోజులు తిరక్కుండానే ఆ పాస్‌వర్డ్ మార్చుకునే పేజీలోనే కన్నం బయటపడి, దాన్నీ మూశారు. ఇక 'వెల్‌కమ్ బ్యాక్' అని పేరు పెట్టి కానుకలు పంచారు. ప్లేస్టేషన్ 3 ఉన్నవాళ్లకు ఐదు గేమ్‌ల జాబితాలోంచి రెండు ఉచితం, పైగా నెల రోజుల ప్లస్. అమెరికా జాబితాలో ఇన్ఫేమస్, లిటిల్‌బిగ్‌ప్లానెట్, వైపౌట్ హెచ్‌డీ, సూపర్ స్టార్‌డస్ట్ హెచ్‌డీ, డెడ్ నేషన్. అన్నీ మంచి గేమ్‌లే. మంచివి కాబట్టే, కొత్తవి కావు కాబట్టే, నిఖార్సయిన గేమర్ దగ్గర అవి అప్పటికే ఉన్నాయి. నమ్మకంగా డబ్బు తగలేసినవాడికి కానుక వృథా, ఇన్నాళ్లూ బేరమాడుతూ కూర్చున్నవాడికి విందు. జనం కాసేపు చిందులు తొక్కారు. ఆ తర్వాత వరస మారింది: ఏ రెండు తీసుకుంటే లాభం? 7.7 కోట్ల ఖాతాల చోరీ, నెల తిరిగేసరికి జాంబీల్ని కాల్చే గేమ్ మేలా, రంగురంగుల గుడ్డబొమ్మ గెంతే గేమ్ మేలా అన్న చర్చగా మారిపోయింది. ఈ మలుపు తిప్పడం తెలిసినవాడే వ్యాపారి.

కోర్టుకెక్కినవాళ్లూ ఉన్నారు. ఆ దావా 2014లో 1.5 కోట్ల డాలర్ల మేర రాజీకి వచ్చింది. దొంగల వల్ల నిజంగా నష్టపోయామని కాగితాలతో రుజువు చేసుకున్నవాళ్లకు డబ్బు దారి ఉంది. మామూలు గేమర్‌కి ఏం దక్కింది? ఒక గేమో, మూడు థీమ్‌లో, మూడు నెలల ప్లస్ చందానో. థీమ్ అంటే తెర వెనక కనిపించే బొమ్మ. న్యాయదేవత కళ్లకు గంతలు కట్టుకుని, తక్కెడలో వాల్‌పేపర్లు తూచింది.

మధ్యలో ఇంకో ముచ్చట ఉంది. 2011 సెప్టెంబర్‌లో సోనీ తన నిబంధనలు మార్చి, ఇకమీదట అందరూ కలిసి మామీద దావా వేయకూడదు అని రాసింది. ఒప్పుకోనివాళ్లకు 30 రోజుల గడువిచ్చింది. ఎలా చెప్పాలి? ఈమెయిల్‌లో కాదు, మీట నొక్కి కాదు. కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, స్టాంపు అంటించి లాస్ ఏంజెలెస్‌కి పోస్టు చేయాలి. డబ్బు కట్టడానికి ఒక్క క్లిక్, కాదనడానికి పోస్టు డబ్బా. తపాలా శాఖ ఇంకా ఎందుకు బతికుందని అడిగేవాళ్లకు ఇదీ ఒక జవాబు.

ఒక్కమాట మాత్రం ఒప్పుకోవాలి. 2011లో ప్లేస్టేషన్‌ మీద ఆన్‌లైన్‌లో ఆడడానికి చందా లేదు, ఊరికే ఆడుకునేవాళ్లు. ఆ రోజుల్లో పరిహారం రెండు గేమ్‌లు. ప్లేస్టేషన్ 4 వచ్చాక చాలా గేమ్‌లు నలుగురితో కలిసి ఆడాలంటే ప్లస్ చందా కట్టి తీరాలి. ఇప్పుడు పరిహారం డాలరు పది సెంట్లు. అప్పుడు జరిగింది దొంగతనం, ఇప్పుడు జరిగింది 'నిర్వహణలో సమస్య', రెండూ ఒకటి కావు, నిజమే. కానీ ఊరికే పెట్టిన భోజనంలో రాయి తగిలితే రెండు లడ్లు, టికెట్టు కొన్న భోజనంలో తగిలితే వక్కపొడి పొట్లం అంటే తిన్నవాడికి ఏదో తేడాగానే ఉంటుంది మరి.

2014 క్రిస్మస్ సంగతి త్వరగా ముగిస్తాను. లిజార్డ్ స్క్వాడ్ అనే కుర్రకుంకల ముఠా సరిగ్గా పండగ రోజున ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ నెట్‌వర్క్‌లు రెంటినీ పడగొట్టింది. పిల్లలు కొత్త మిషన్ రంగు కాగితం విప్పి, ప్లగ్గు పెట్టి, గోడకేసి చూస్తూ కూర్చున్నారు. సోనీ పరిహారం: ప్లస్ సభ్యులకు ఐదు రోజులు (అప్పుడూ ఐదే, పంచామృతం కొలత కాబోలు), అందరికీ దుకాణంలో ఒకసారి 10 శాతం తగ్గింపు. తగ్గింపు దక్కాలంటే మిగతా 90 శాతం మనం కట్టాలి. ఆ పండక్కి చక్కటి బేరం కుదిరింది ఎవరికంటే దాడి చేసినవాళ్లకు. ఇక ఆపండి నాయనా అని, మెగా అనే ఫైళ్లు దాచుకునే సర్వీసు స్థాపించిన కిమ్ డాట్‌కామ్ వాళ్లకు ఆ సర్వీసు వోచర్లు 3,000 ఇవ్వజూపాడు. తలుపు పగలగొట్టినవాడికి 3,000 వోచర్లు, తలుపు బయట చలిలో నిలబడ్డవాడికి పదో వంతు తగ్గింపు.

ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే మరో గేమ్ కంపెనీ వాళ్లు మాత్రం తెలియకుండానే నిజాయితీ చూపించారు. 2013 మార్చిలో వచ్చిన వాళ్ల సిమ్‌సిటీ, ఇంట్లో ఒంటరిగా ఊరు కట్టుకోవాలన్నా సర్వర్‌తో ముడి పెట్టిన గేమ్. విడుదల రోజే సర్వర్లు చతికిలపడ్డాయి. పరిహారంగా ఎనిమిది గేమ్‌ల్లో ఒకటి ఎంచుకోమన్నారు. అందులో ఒకటి సిమ్‌సిటీ 4. అదే సిమ్‌సిటీ, పదేళ్ల పాతది, సర్వర్ గొడవ లేకుండా పనిచేసేది!

ఇవన్నీ కోపం తెచ్చుకునే జాతి కథలు. సర్వర్ ఆగితే గంతులేసే జాతి ఒకటుంది. గెన్షిన్ ఇంపాక్ట్‌లో మరమ్మతు కోసం గేమ్ ఆపినప్పుడల్లా గంటకు 60 చొప్పున ప్రిమోజెమ్‌లనే రాళ్లు పంచుతారు. మామూలుగా ఐదు గంటలు, 300 రాళ్లు. కొత్త పాత్ర కోసం అదృష్టం పరీక్షించుకునే ఒక కోరికకు 160 రాళ్లు కావాలి. అంటే ఒక కోరిక తీరుతుంది, రెండోదానికి సరిగ్గా 20 తక్కువ. ఆ 20 కోసం మనవాడు గేమ్ తెరుస్తాడు, తెరిచాక దుకాణం కనిపిస్తుంది. మరమ్మతు ఇంకో గంట ఆలస్యమైతే బాగుండునని కోరుకునే వినియోగదారుణ్ని తయారు చేసిన ఘనత మరే పరిశ్రమకూ దక్కలేదు. మన డిస్కంలు గమనించాలి. కరెంటు పోయిన గంటకు 60 రాళ్లంటే వేసవిలో జనం సబ్‌స్టేషన్‌కి హారతి పట్టుకెళ్తారు.

ఫిబ్రవరికి మళ్లీ వస్తే, ఆ ఐదు రోజులు ప్లస్ సభ్యులకే. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత గేమ్‌లకు ప్లస్ అక్కర్లేదు. కాబట్టి అలాంటివాటికే అంటిపెట్టుకుని, అందులో బొమ్మకు తొడిగే చొక్కాలకు డాలర్లు గుమ్మరించినవాడు కూడా ఆ రోజంతా బయటే నిలబడ్డాడు. అతనికి దక్కింది క్షమాపణలో మొదటి వాక్యం వరకే. సభ్యులకైనా ఆ రోజులు చేతికొచ్చేది చందా గడువు ముగిసే చోట. దానంతటదే పునరుద్ధరణ పెట్టుకున్నవాడి కార్డులోంచి డబ్బు ఐదు రోజులు ఆలస్యంగా కోస్తారు, అంతే. ఒకవేళ సరిగ్గా ఆ ఐదు రోజుల్లోనే సర్వర్ మళ్లీ పడుకుంటే ఊరికే ఇచ్చిన రోజులకు పరిహారం ఉంటుందా, ఉంటే ఒకటికి ఐదు చొప్పునేనా అన్న సంగతి ఆ లాయర్లెవరూ అడిగినట్టు లేదు.