కట్టు కోసే రంపం

నన్ను చూడగానే పిల్లలు ఏడుపు లంకించుకుంటారు. పెద్దవాళ్లు ఏడవరు గానీ, చెయ్యి మెల్లిగా వెనక్కి లాక్కుంటారు. కోనసీమలో ఒక ఎముకల ఆస్పత్రి, ప్లాస్టర్ రూములో గోడకు వేలాడే కట్టర్ని నేను. పిండికట్లు కోయడం నా పని. స్విచ్ వేస్తే నా గోల ముందు మిక్సీ ఎందుకూ పనికిరాదు. సగం భయం ఆ గోలవల్లే.

నా బ్లేడు గుండ్రంగా ఉంటుంది కాబట్టి గిర్రున తిరుగుతుందనుకుంటారు. తిరగదు. ఉన్నచోటే అటూ ఇటూ అదురుతుంది, అంతే. పిండికట్టు బిర్రుగా ఉంటుంది, కదల్లేక తెగుతుంది. చర్మం మెత్తన, నాతోపాటే కదులుతుంది, తెగదు. మా టెక్నీషియన్ ముందు తన అరచేతికి ఆనించి చూపిస్తాడు. అలాగని నన్ను పూర్తిగా నమ్మడానికీ లేదు. ఎక్కువసేపు కోస్తే బ్లేడు వేడెక్కుతుంది, చర్మం కాలుతుంది. పని తెలిసినవాడు నన్ను కట్టు మీద ఈడ్చుకుపోడు. దించుతాడు, ఎత్తుతాడు, కాస్త జరిపి మళ్లీ దించుతాడు. మధ్యమధ్య ఆపి బ్లేడు తాకి చూస్తాడు.

మా మూలపురుషుడు హోమర్ స్ట్రైకర్, అమెరికాలోని కలమజూలో ఎముకల డాక్టరు. 1940లలో మమ్మల్ని పుట్టించాడు. పిండికట్టు నాకంటే దాదాపు వందేళ్లు పెద్దది. 1850ల మొదట్లో మథైసెన్ అనే డచ్చి సైనిక వైద్యుడు గుడ్డకు కాల్చిన జిప్సం పొడి పట్టించి, తడిపి చుట్టాడు. గట్టిపడేటప్పుడు అది వేడెక్కుతుంది. మొదటిసారి కట్టించుకునేవాళ్లు “కాలుతోందండీ” అని కంగారుపడేది అందుకే.

నా దగ్గరికొచ్చేవాళ్లలో బాత్‌రూముల్లో జారిన మామ్మలు చాలామంది. పడుతూ చెయ్యి నేలకు ఆనిస్తారు, మణికట్టు దగ్గర ఎముక విరుగుతుంది. బహిష్టులు ఆగాక ఎముకలు గుల్లబారతాయి మరి. ఎముక ఇలా విరగడం గురించి డబ్లిన్ సర్జన్ అబ్రహాం కోలిస్ 1814లోనే రాశాడు. ఎక్స్‌రే వచ్చింది 1895లో! అదే మామ్మకు తుంటి విరిగితే నాతో పనిలేదు. నెలల తరబడి మంచాన ఉంటే పుండ్లు, న్యుమోనియా, కాళ్లలో రక్తపు గడ్డలు. అందుకని వీలైనంత త్వరగా ఆపరేషన్ చేసేస్తారు.

దింపు కార్మికుల సంగతి వేరు. కొబ్బరిచెట్టు మీంచి కాళ్లమీద పడితే మడమ ఎముక చితుకుతుంది. మా పెద్ద డాక్టరుగారు మడమ చూసి ఊరుకోరు, వెనక్కి తిప్పి నడుం నొక్కుతారు. “నొప్పి మడమలోనండీ” అంటాడతను. ఆ దెబ్బ వెన్నుపూస దాకా పోతుందని ఆయనకు తెలుసు. అక్కడ తేడా కనిపిస్తే స్పైన్ సర్జన్‌కి ఫోను వెళుతుంది.

నెలా నెలన్నర తర్వాత కట్టు విప్పడానికే నేనున్నానని అందరూ అనుకుంటారు. అసలు ఉద్యోగం అర్ధరాత్రి పడుతుంది. జామచెట్టు మీంచి పడి మోచేయి పైన విరగ్గొట్టుకున్న పిల్లాడు. పొద్దున కట్టు వేసి పంపారు. రాత్రికి వేళ్లు ఉబ్బిపోయాయి. “మందేసినా ఏడుపు ఆగట్లేదండీ, తెల్లారాక వద్దామనుకున్నాం” అంటోంది తల్లి. డ్యూటీ డాక్టరమ్మ వాడి వేళ్లను కొద్దిగా చాచింది. వాడు కెవ్వుమన్నాడు. మణికట్టు దగ్గర నాడి ఆడుతూనే ఉంది, అయినా ఆవిడ ఆగలేదు. “కట్టర్ తీయండి.”

లోపల వాపు పెరుగుతుంది, పైన కట్టు సాగదు. ఒత్తిడికి కండలోని సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. పెద్ద నాడి ఆడుతుండగానే కండ చావడం మొదలవుతుంది, కొన్ని గంటలు చాలు. తర్వాత వేళ్లు ముడుచుకుపోయి తెరుచుకోవు. జర్మనీ సర్జన్ ఫోక్‌మాన్ 1881లో ఈ అవిటితనం గురించే రాశాడు. ఆ రాత్రి నేను భుజం వైపు నుంచి అరచేతి దాకా కోసుకుంటూ పోయాను. అంతటితో అయిపోదు. లోపలి దూదిని కూడా చర్మం కనిపించేదాకా కత్తెరతో చీల్చాలి. అప్పటికీ తగ్గకపోతే థియేటర్లో కండమీది పొరనే కోసి వదులు చేస్తారు. వీడికి అంతదాకా రాలేదు. కాసేపటికి వేళ్లు చాస్తే ఊరుకున్నాడు. కట్టు బిగుతుగా ఉందని చెప్పడానికి డాక్టరు దగ్గర మొహమాటమేమిటో నాకిప్పటికీ అర్థం కాదు.

మామూలు రోజుల్లో నాకు కాలక్షేపానికి లోటుండదు. రెండుగా చీల్చిన కట్టులోంచి చీపురుపుల్లలు, పెన్ను మూతలు రాలుతుంటాయి. అన్నీ దురదకు గోక్కోడానికి దూర్చినవే. లోపలి చెయ్యి సన్నబడి, పొట్టు రేగి, ముక్కు మూసుకునేలా ఉంటుంది. మొన్న ఒక మామ్మ వేళ్లు మడవలేకపోయింది. కట్టేసిన రోజునుంచీ వేళ్లు ఆడించమన్నారు, ఆవిడ చేతిని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకు కూర్చుంది.

“సరిగా అతకలేదేమో బాబూ, పుత్తూరు వెళ్లి నాటుకట్టు వేయించుకోనా?”

“ఎముక అతుక్కుంది మామ్మగారూ, బిగుసుకుపోయింది వేళ్లు. పక్కగదిలో ఫిజియోథెరపీ అమ్మాయి ఉంది, వెళ్లండి.”

“ఆ పిల్ల వేళ్లు విరిచేస్తుందటగా?”

“విరిస్తే మళ్లీ కడతాను” అన్నారు డాక్టరుగారు.