కనుమలో కాసింత చోటు

అమెరికాలో యూటా రాష్ట్రమునకు రాజధానియైన సాల్ట్ లేక్ సిటీకి తూర్పుదిక్కున, నగరపు చివరి వీధిని తాకుచున్నవా యన్నంత సమీపమున, వాసాచ్ పర్వతములు నిలిచియున్నవి. ఆ పర్వతములను చీల్చుకొనుచు ఎమిగ్రేషన్, పార్లీస్, మిల్‌క్రీక్, బిగ్ కాటన్‌వుడ్, లిటిల్ కాటన్‌వుడ్ అను కనుమలు ఒకదాని ప్రక్క నొకటిగా నగరము వైపునకు నోళ్లు తెరచియున్నవి. సాయంకాలము ఆఫీసు తలుపు దాటిన గృహస్థుడు కారులో కూర్చుండి అరగంట ప్రయాణము చేసినచో, మంచు కరగి దుముకు ఏటియొడ్డున, ఆకాశమంటు స్ప్రూస్ వృక్షముల నీడలో, సకల లౌకికవ్యాపారములను మరచి కూర్చుండగలడు. కూర్చుండగలడు గాని పండుకొనజాలడు. పండుకొనుటకు ఆరునెలల ముందు రిజర్వేషను చేసికొనియుండవలెను.

ఈ యారునెలల నిబంధనలో తెలుగువారు మాత్రమే పూర్తిగా ఆస్వాదింపగల చమత్కార మొకటి కలదు. ఆ నగరమునకు దక్షిణముగా లీహై దాక వ్యాపించిన సాఫ్ట్‌వేరు కంపెనీలలో మన పిల్లలును కొలువు చేయుచున్నారు. వారి తలిదండ్రులు ఇక్కడ ఎండలు ముదరకమునుపే, అనగా ఏప్రిలు ప్రాంతమున, ఆవకాయజాడీలతో సహా విమానమెక్కి అచ్చటికి చేరుదురు. దిగినచోట అధికారి వారిని సాధారణముగా ఆరునెలలపాటు దేశమున నుండనిచ్చును. అడవిలోని గుడారపు స్థలమును సరిగా ఆరునెలల ముందే పట్టుకొనవలెను గనుక, విమానము దిగిన పూటనే, అలసటయైన తీరకుండ, కంప్యూటరు ముందు కూర్చుండి ప్రయత్నించిన వృద్ధదంపతులకు గుడారము వేసికొను దినమును దేశము విడిచిపోవు దినమును ఒక్కటియే యగును. అదియును అక్టోబరు మాసమున. అప్పటికి కొండమీది స్థలములకు అడ్డుగేట్లు వేసి తాళములు బిగించియుందురు. ఒక శాఖ మరియొక శాఖతో సంప్రదించి ఇంతటి సమన్వయమును సాధించినదని మేము అపవాదు వేయము. ప్రభుత్వశాఖలు ఒకదానితో నొకటి మాటలాడుకొనుట ఏ దేశమునందును వినలేదు.

కావున దూరదృష్టిగల అల్లుడు అత్తమామలు ఇంకను స్వగ్రామమున నుండగనే ఈ కార్యమునకు పూనుకొనును. జులై 15వ తేదీ రాత్రికి స్థలము కావలెనన్నచో జనవరి 15వ తేదీ ఉదయము ఎనిమిది గంటలకు సిద్ధముగా నుండవలెను. అక్కడ ఉదయము ఎనిమిదియైనప్పుడు విజయవాడలో రాత్రి ఎనిమిదిన్నర. పంచాంగము అనుకూలించిన యేట అది కనుమపండుగ రాత్రియే యగును. అత్తగారు గారెలమూకుడు దించి అప్పుడే చేయి తుడుచుకొనుచుండగా ఫోను మ్రోగును.

"అత్తయ్యగారూ, జులై పదిహేనున కొండల్లో ఒక రాత్రి గుడారంలో పడుకుంటారా? తొందరగా చెప్పాలండీ."

"ఇవాళ కనుమ కదయ్యా. కనుమనాడు కాకైనా కదలదంటారు. పండగపూట ప్రయాణం మాటలేమిటి?"

"ప్రయాణం కాదండీ, బుకింగే."

"బుకింగైతే మాత్రం! రేపు మంచిరోజేమో మీ మామయ్యగారిని పంచాంగం చూడమంటాను."

మామగారు కండ్లద్దములు వెదకి, పంచాంగము వెదకి, తిథివారములు సరిచూచి, పదకొండు గంటలకు మేలని పలుకులోపల, అల్లుని కంప్యూటరు తెరపై నున్న పచ్చని గళ్లన్నియు బూడిదరంగునకు తిరిగియుండును. ఈ సంగ్రామమంతయు ఏ నేలకొరకు జరుగుచున్నదో ఆ నేల మాత్రము అప్పుడు కంటికి కనబడునది కాదు. లిటిల్ కాటన్‌వుడ్ శిరోభాగముననున్న ఆల్టాలో ఏటేటా కురియు మంచు సగటున 500 అంగుళములకు పైమాటే. స్థలముల సంఖ్యలు వ్రాసిన కొయ్యలన్నియు ఆ మంచుక్రింద నిద్రించుచుండగా, పైన వేలాది జనులు వాని కొరకు మీటలు నొక్కుచుందురు. ఇక్కడ మనము భోగిమంటల బూడిద ఎత్తి పోయుచున్న వారమున అక్కడివారు రానున్న జులై నడిమివారపు చలిమంటలను పంచుకొని ముగింతురు.

ఇంత పోటీకి కారణము తెలియవలెనన్నచో స్థలములెన్ని యున్నవో చూడవలెను. నగరమునకు అతి సమీపమున, పేరు చెప్పగానే అందరును తలలూపు స్థలములు నాలుగు. బిగ్ కాటన్‌వుడ్‌లో స్ప్రూసెస్, రెడ్‌మన్. లిటిల్ కాటన్‌వుడ్‌లో టానర్స్ ఫ్లాట్, ఆల్బియన్ బేసిన్. వీనిలో కడపటిది సుమారు 9,500 అడుగుల యెత్తున నున్న పచ్చికబయలు. మంచు కరగునప్పటికి జులై వచ్చును, సెప్టెంబరు పూర్తికాకమునుపే మూసివేయుదురు. ఆ నడుమనున్న కొలదివారములలో అడవిపూలు విరియును, మూస్ అను గుఱ్ఱమంత యెత్తుగల దుప్పిజాతి జంతువు లక్కడ తిరుగాడును. రిజర్వేషను లేకుండ, రుసుము చెల్లింపకుండ, ఎన్నినాళ్లు ఉండునదియు ఎవ్వరికిని చెప్పకుండ ఆ పచ్చికపై నివసించు ప్రాణులు అవియే. వాని సమీపమునకు పోరాదని మనుష్యులకు హెచ్చరిక లుండును. మనుష్యుల సమీపమునకు రారాదని వానికెవ్వరు చెప్పవలెనో నిర్ణయింపబడలేదు.

మిల్‌క్రీక్ కనుమ మాట వేరు. అందు కారుతో పోయి గుడారము వేయుటకు ఏర్పరచిన స్థలము లేదు గాని వినోదమునకు మాత్రము లోటులేదు. లోనికి పోవునపుడు రుసుము అడుగరు, వెలుపలికి వచ్చునపుడు అడుగుదురు. అభిమన్యునకు తెలియనిది బయటకు వచ్చు దారి, వీరికి తెలియవలసినది బయటకు వచ్చు ధర. బేసితేదీలందు కాలిబాటలపై శునకములను గొలుసు విప్పి వదలవచ్చును, సరితేదీలందు గొలుసుతో పట్టుకొనవలెను. ఎగువనున్న కొన్ని బాటలపై సైకిలు తొక్కువారికి సరితేదీలే దిక్కు. ఈ శాసనకర్తను మేమెరుగము గాని, ఆతడు కాలెండరును శ్రద్ధగా పరిశీలించిన శునకపక్షపాతియని మా యనుమానము. 31వ తేదీ వెంటనే 1వ తేదీ వచ్చు మాసాంతములందు కుక్కలకు వరుసగా రెండుదినములు స్వాతంత్ర్యము లభించును. సైకిలువానికి అట్టి భాగ్యము సంవత్సరమున ఒక్కమారైనను పట్టదు.

లిటిల్ కాటన్‌వుడ్ కొండల చరిత్ర ఇంకను విచిత్రము. నగరమధ్యమున మార్మనులను క్రైస్తవశాఖవారి మహాదేవాలయమునకు రాళ్లు ఈ కనుమనుండియే పోయినవి. 1853లో మొదలైన ఆ నిర్మాణము 1893లో ముగిసెను. రాయి నిచ్చిన ఋణమునకు బదులుగానో యేమో, 1960ల దశకమున ఆ శాఖవారు అదే కొండను తొలిచి లోపల సొరంగములు కట్టి, లోకమునందలి కుటుంబముల జననమరణ వివాహముల వివరములను లక్షలాది మైక్రోఫిలిము చుట్టలలో భద్రపరచిరి. అనగా మృతులైన కోట్లమంది నామధేయములకు ఆ పర్వతగర్భమున శాశ్వతస్థానము దొరకినది. బ్రదికియున్న అల్లునికి ఆ కొండమీద శనివారము రాత్రికి పది అడుగుల నేల దొరకుట లేదు.

అసలు ఈ రాష్ట్రమునకు పేరే యూట్ తెగవారి పేరునుండి వచ్చినది. వారు ఋతువు ననుసరించి కొండలెక్కుచు దిగుచు, ఇష్టమైనచోట విడిదిచేసిన ప్రజ. అటుపిమ్మట 1847 జులైలో మార్మను యాత్రికులు ఎద్దుబండ్లతో ఎమిగ్రేషన్ కనుమగుండ దిగివచ్చి ఇదియే తగినచోటని నిలిచిపోయిరి. వారి నాయకుడు బ్రిగమ్ యంగ్ అడుగిడిన జులై 24వ తేదీ నేటికిని రాష్ట్రమంతట సెలవుదినము. ముందుగా ఎవ్వరికిని చెప్పకుండ వచ్చి గుడారములు వేసిన పూర్వులను స్మరించుకొనుటకై ఏర్పడిన ఆ పండుగనాడు, వారి సంతతివారికి గుడారము వేయుటకు చోటు దొరకుట సంవత్సరమున కెల్ల దుర్ఘటము.

దైవము అనుకూలించి స్థలము దొరకినదనుకొందము. దొరకిన ఆ యరణ్య మెట్టిదో కొంచెము దగ్గరగా చూడదగును. కారు ఆపుటకు తారుపోసిన తావు, దాని ముందు సంఖ్య వ్రాసిన కొయ్య, బరువైన బల్ల, నేలలో పాతిన యినుపవలయము, ఆ వలయము వెలుపల ఒక్క పుల్లయైనను వెలిగింపరాదను శాసనము, అంతకు కొన్ని గజముల దూరమున మరుగుదొడ్డి. ఒక స్థలమున సాధారణముగా ఎనిమిదిమందికి మించరాదు. మన బంధుమిత్రపరివారములో పులిహోర కలుపువారే అంతమంది యుందురు. ఎలుగుబంట్లు వాసనపట్టి వచ్చును గనుక తినుబండారములన్నియు కారులో పెట్టి తాళము వేయవలెను. మేమెరిగిన పెద్దమనిషి యొకరు, మంకీక్యాపు పైన శాలువ, శాలువపైన అల్లుని కోటు ధరించి, గోంగూరపచ్చడి సీసాను మూడు ప్లాస్టిక్ సంచులలో చుట్టి కారులో బంధించి, తాము మాత్రము పలుచని నైలాను గుడ్డచాటున పండుకొని, "పచ్చడికున్న కాపలా నాకు లేదేమయ్యా?" అని అల్లుని అడిగిరి. అల్లుడప్పుడు లొంగని నేలలో మేకు దిగక, ఇంటినుండి తెచ్చిన అల్లము దంచు రాతితో కొట్టుచుండెను. "మామయ్యగారూ, పది దాటింది, నెమ్మదిగా మాట్లాడండి," అని మాత్రమే ఆతడు సమాధానమిచ్చెను. రాత్రి పదినుండి ఉదయము ఆరువరకు నిశ్శబ్దము పాటింపవలెనను నియమమును పాటించుచు ఆ రాత్రి మామగారు నోరు మెదపలేదు. గురక మాత్రము నియమావళిలో లేనందున యథేచ్ఛగా సాగెను.

ఇక పేరు నమోదు చేసికొని రానివారి కథ. జనవరిలో ఉత్సాహముతో నాలుగు శనివారములు పట్టియుంచి, జులైలో పిల్లవాని ఫుట్‌బాలో, భార్య తరఫు పెండ్లియో అడ్డురాగా, రద్దుచేయుట మరచి యింట కూర్చుండు మహానుభావులు గలరు. వారి స్థలములు కొయ్యపై కాగితముతో సహా వెన్నెలలో ఖాళీగా పడియుండును. ప్రక్కనే రహదారిపై తిరిగి తిరిగి చోటులేక వెనుకకు మరలు కార్ల వెలుగు వానిపై పడి పోవుచుండును. ఎవరెప్పుడు రద్దు చేయుదురో యని రేయింబవళ్లు కాపుకాసి కబురు చెప్పు యాప్‌లు కూడ రుసుముపై దొరకుచున్నవి. అడవిలో ఫోను మరచి యొకరాత్రి గడపుటకై ఆరునెలలు ఫోనువైపే చూచుచుండుట మేము విన్న తపస్సులలో కొత్తది.

ఇంతదాక పరిహాసమాడినను, ఒక నియమము విషయమున మేము ఆ పరాయి కొండలవారికి చేయెత్తి మ్రొక్కుదుము. బిగ్, లిటిల్ కాటన్‌వుడ్ కనుమలలో కుక్కను దింపుట అటుంచి, కారులో కూర్చుండబెట్టుకొని పోవుటయు నిషిద్ధము. ఏటిలో దిగి ఈదరాదు, స్నానము చేయరాదు. నడచిపోయి లోపలి అడవిలో గుడారము వేయదలచినవారు నీటికి కనీసము 200 అడుగులు దూరముగా నుండవలెను. కారణము ఒక్కటే: ఆ యేళ్లు దిగువనున్న నగరమువారు త్రాగు నీరు. కొళాయి త్రిప్పిన గృహస్థుడును కొండపై గుడారము వేసిన గృహస్థుడును ఒక్కడేయని ఎరిగినవారు చేసిన శాసనమది. కుక్కకు ఓటు లేదు గనుక సులభముగా చెల్లినదని కొందరనవచ్చును. కుక్క యజమానికి ఓటు కలదు, అయినను చెల్లినది.

మనకును ఇట్టి కొండ కలదు. హైదరాబాదునకు కొన్నిగంటల దూరమున వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండలలో మూసీనది పుట్టును. 1908లో ఆ నది నగరమును ముంచినపిమ్మట నిర్మించిన ఉస్మాన్‌సాగర్ (అదియే గండిపేట చెరువు) 1920లోను, ఈసీనదిపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియయ్యెను. ఆ రెండు చెరువుల పరీవాహకప్రాంతమును కాపాడుటకై 1996లో 111 సంఖ్యగల ప్రభుత్వోత్తర్వు వెలువడెను. 2022లో 69వ సంఖ్యగల ఉత్తర్వు దాని ఆంక్షలను ఎత్తివేసెను. అనంతగిరిలో గుడారము కావలెనన్న ఆరునెలలు వేచియుండ నక్కరలేదు. శుక్రవారము రాత్రి ఫోను చేసిన శనివారము మధ్యాహ్నమునకు గుడారము, చలిమంట, బార్బెక్యూ, తెల్లవారుదాక డీజే, అన్నియు ప్యాకేజీలో సిద్ధము. స్వాతంత్ర్యము మనకు పుష్కలముగా నున్నది. ఆ ప్యాకేజీలో చేరనిది ఒక్కటియే: మరునాటి ఉదయము మిగిలిన బిర్యానీ ప్లేట్లు, సీసాలు ఎవరు తిరిగి తీసికొనిపోవలెనను సంగతి.

కావున ఈ శనివారము అనంతగిరికి బయలుదేరు యువమిత్రులకు మా మనవి యొక్కటే. డీజే మీ యిష్టము, పాటలు మీ యిష్టము. తెచ్చిన సీసాలను మాత్రము మరల కారులో వేసికొని యింటికి తీసికొనిపొండు; ఆ కొండమీద పడిన వాన గండిపేటకు వచ్చును, గండిపేట నీరు నేటికిని నగరములోని కొళాయిలకు వచ్చును.