ఫైల్ మీది, పాపమూ మీదే!

నిజాంపేటలో ఫ్లాట్ కొన్నారు. హాల్లో గోడంత టీవీ బిగించారు. అట్టపెట్టె మీద 4కె, హెచ్‌డీఆర్, యూఎస్‌బీ అంటూ బిరుదుల చిట్టా. ఇక పెళ్లి వీడియో ఉన్న పెన్‌డ్రైవ్ గుచ్చండి. ‘ఈ ఫైల్ సపోర్ట్ చేయదు.’ అంతే. లక్ష పోసి కొన్న డబ్బా చేతులెత్తేసింది.

తప్పెవరిది? మీదేనట! ఫొటోగ్రాఫర్ మంచి కెమెరాతో 10 బిట్, 4:2:2లో తీశాడు చూడండి, అదీ నేరం. టీవీలోని చిప్పుకు సాధారణంగా 4:2:0 దాకానే చదువొచ్చు. ఫైల్ 4 జీబీ దాటడం ఇంకో నేరం. 1996 నాటి ఫ్యాట్‌32 పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్‌లోకి అది ఎక్కనే ఎక్కదు.

పోనీ, డబ్బిచ్చి కొన్న బ్లూరే నుంచి తీసి పెట్టుకున్న సినిమా వేయండి. బొమ్మ ఆడుతుంది, మాట రాదు. సౌండ్ డీటీఎస్‌లో ఉంది మరి! దానికి టీవీ కంపెనీ లైసెన్సు రుసుము కట్టాలి. శాంసంగ్ 2018 మోడళ్ల నుంచి దాన్ని పీకేసింది. ఎల్‌జీ 2020లో పీకేసి, 2023లో కొన్ని మోడళ్లకు మళ్లీ తగిలించింది. మధ్యలో కొన్నవాళ్లు ఏ పాపం చేశారు? తెలుగు సినిమా 1932లోనే ‘భక్త ప్రహ్లాద’తో నోరు విప్పింది. వీళ్లు మనల్ని మళ్లీ మూకీల కాలానికి తోలుతున్నారు. అదీ ఈఎంఐల మీద!

సరే, మార్చుకుందామని ‘ఉచిత’ కన్వర్టర్ ఒకటి దించుతారు. ల్యాప్‌టాప్ రాత్రంతా మూలుగుతుంది. తెల్లారి చూస్తే పెళ్లికూతురి మొహం మీద వాళ్ల లోగో! పైగా మార్చింది సగం వీడియోనే. మిగతా సగం కావాలా? డబ్బు కట్టండి. నిజానికి ఆ మూగ సినిమాలో బొమ్మను ముట్టుకోనే అక్కర్లేదు. దాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసి, సౌండ్ ఒక్కటీ టీవీకి అర్థమయ్యే ఏసీ3లోకి మారిస్తే నిమిషాల్లో తేలిపోయే పని. 2000లో పుట్టిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్ పైసా అడక్కుండా చేసిపెడుతుంది. కానీ ఆ ముక్క మీకెవరు చెబుతారు? చెబితే వాళ్ల దుకాణం ఏమైపోవాలి?

మరి సర్కారు? అడ్డమైన ఫైళ్లన్నీ ఊరికే ఆడించే వీఎల్‌సీ ప్లేయర్ వెబ్‌సైట్‌ను 2022లో నెలల తరబడి దేశంలో తెరుచుకోనివ్వలేదు. డిజిటల్ ఇండియా జిందాబాద్!

పగలంతా హైటెక్ సిటీలో ప్రపంచానికి సాఫ్ట్‌వేర్ రాసిచ్చి, జేఎన్‌టీయూ ట్రాఫిక్‌లో నలిగి ఇల్లు చేరిన ఇంజనీరు సారు, రాత్రి తన టీవీ ముందు పెన్‌డ్రైవ్ పీకుతూ గుచ్చుతూ కూర్చోవాలి. కోడ్ రాసే చెయ్యికే ఈ గతి పడితే, కింద వాచ్‌మన్ మాటేమిటి?

రిమోట్ మీద మాత్రం ఓటీటీలకు వరసగా బటన్లున్నాయి. నెలనెలా అద్దె కట్టే సరుకు దగ్గర ఈ డబ్బా ఎక్కడా తడబడదు. నయనతార పెళ్లి చూస్తారా? ఒక్క నొక్కు చాలు. మీ పెళ్లా? కన్వర్ట్ చేసుకురండి.