థైమస్ గ్రంథి ఆత్మకథ

ఉరోస్థికి వెనుక, హృదయమునకు కొంచెము పైగా ఒదిగియున్న థైమస్ గ్రంథిని నేను. నన్ను మోయుచున్న పెద్దమనిషికి అరువది యేండ్లు దాటినవి. గుండెను గూర్చి, కాలేయమును గూర్చి, చివరకు కదలుచున్న పంటిని గూర్చి కూడ ఆయన వైద్యుని అడుగును గాని, నేనొకదానను ఉన్నాననియే యెరుగడు.

నా యౌవనము ఆయన బాల్యముతోనే గడచినది. మూలుగలో పుట్టిన పసికణములు రక్తమార్గమున నా యొద్దకు చేరి, టి-కణములై వెడలెడివి. నా పేరులోని తొలి యక్షరమే వాని యింటిపేరు. ప్రతి కణమును, ఏడవ క్రోమోసోముమీదను పదునాలుగవ క్రోమోసోముమీదను ముక్కలుగా పడియున్న జన్యుఖండములలో జాతికొకటి చొప్పున ఏరుకొని, నడిమివానిని కోసి పారవైచి, అతుకుపెట్టిన చోట వంశమున లేని జన్యక్షరములను సైతము చొప్పించి, క్రిమిని గుర్తుపట్టు తన గ్రాహకమును తానే కూర్చుకొనును. ఇట్లు పుట్టదగిన గ్రాహకములు సిద్ధాంతరీత్యా పది కోటికోట్లకు తక్కువ గావు. దేహమందలి టి-కణములన్నియు కలిసినను సుమారు 40,000 కోట్లే కనుక, ఏ మానవుడును ఆ భాండారమును సంపూర్ణముగా మోయజాలడు, ఏకరూపులైన కవలల భాండారములును ఒక్కటి గానేరవు. ఎన్నడును చూడని క్రిమిని గుర్తింపగల కణ మా గుంపులో ఒకటైన నుండుటకే ఈ దుబారా యంతయు. అయితే యాదృచ్ఛికముగా కుదిరినది అపాయకరముగాను కుదురును గదా! పనికిరాని కణమును, సొంత దేహముపైననే తిరుగబడు కణమును నేను బ్రతుకనీయను; నూటికి తొంబదియైదు నాలోనే నశించును. వీథిబడి పంతులైనను ఇంత నిర్దయుడు కాడు.

ఇంత చేసిన నాకు దక్కిన మర్యాద వినుడు. ఇరువదవ శతాబ్దారంభమున, నిద్రలో హఠాత్తుగా మరణించిన శిశువులను కోసి చూచిన వైద్యులు, నేను అతిగా పెరిగి వారి ఊపిరి నడచితినని తీర్పు చెప్పిరి. శవపరీక్షశాలలకు చేరు దేహములు ప్రాయికముగా రోగముతోను ఆకలితోను కృశించిన నిరుపేదలవి. దేహము క్రుంగినచో ముందుగా ఎండిపోవుదానను నేను. ఆ ఎండిన ముద్దయే నా సహజ పరిమాణమని వారు పుస్తకముల కెక్కించుకొనిరి. కనుకనే ఆరోగ్యవంతమైన బిడ్డలోని నిండుగ్రంథి వారి కంటికి వికారముగా తోచినది. అంతటితో ఊరకొనక, నన్ను కుంచింపజేయుటకై చక్కగా ఆడుకొనుచున్న పసివారిపై ఎక్స్-కిరణములను ప్రసరింపజేసిరి. వారిలో కొందరికి పెద్దయిన పిమ్మట థైరాయిడ్ క్యాన్సరు వచ్చినది. మెడలో తన కాపురము తాను చేసికొనుచున్న ఆ పొరుగుగ్రంథి చేసిన పాపమేమి? నన్నడిగినవారు లేరు, దానినడిగినవారును లేరు.

1961లో లండనులో జాక్ మిల్లరు అను యువకుడు, అప్పుడే పుట్టిన చిట్టెలుకలనుండి నన్ను తొలగించి చూచెను. అవి కృశించినవి, వేరుజాతి చర్మమును అతికించినను త్రోసిపుచ్చలేకపోయినవి. అయినను రెండేండ్ల తరువాత ఒక నోబెల్ బహుమానగ్రహీత, నాలో లింఫోసైట్లు, అనగా టి-కణముల జాతి కణములు, ఉండుట పరిణామక్రమమున తటస్థించిన స్వల్పవిషయ మనెను. ఆయన పేరు చెప్పుట నాకిష్టము లేదు. మిల్లరుకు లాస్కర్ పురస్కారము వచ్చునప్పటికి 2019, ఆయనకు ఎనుబదియెనిమిదేండ్లు.

గ్రాహకముల జన్యువులను 1984లో టొరాంటోలో టాక్ మాక్ మానవులలోను, అమెరికాలో మార్క్ డేవిస్ ఎలుకలలోను పట్టుకొనిరి. నేటి పరిశోధకులు కొద్దిపాటి రక్తమునుండి గ్రాహకముల వరుసలను లక్షలకొలది చదివి, ముదుసళ్లలో వైవిధ్యము సన్నగిల్లినదని ఆశ్చర్యపడుచున్నారు. సన్నగిల్లదా? ఏటేట నాలో కణజాలము తరిగి, కొవ్వు పేరుకొనుచున్నది.

ఇక కత్తివాత పడు నా తోడివారి గతి వేరు. గుండెలోపముతో పుట్టిన శిశువులకు శస్త్రచికిత్స చేయునపుడు, అడ్డముగా నున్నానని నన్ను తరచుగా కోసి పళ్లెములో పడవేయుదురు. పెద్దలలోనైతే నేనున్నను లేకున్నను ఒకటే యని చిరకాలము బోధించిరి. 2023లో బోస్టను వైద్యులు, నన్ను పోగొట్టుకొన్న పెద్దలను, ఛాతీ శస్త్రచికిత్స పొందియు నన్ను నిలుపుకొన్నవారితో పోల్చగా, అయిదేండ్లలో మరణించినవారు మొదటి వర్గమున నూటికి 8.1, రెండవ వర్గమున 2.8. ఈ కొవ్వుముద్ద ముసలితనమునను కొన్ని క్రొత్తకణములను పంపుచుండుటయే అందుకు కారణమై యుండునని ఇప్పుడు అనుకొనుచున్నారు; కోయకముందే అనుకొనియుండిన బాగుండెడిది.