రంగులేని నా కథ

నేనొక గాజు శిల్పాన్ని. 2021లో ఇంగ్లండ్‌లో పుట్టాను. అడ్డంగా కొలిస్తే 34 సెంటీమీటర్లు. నా రూపానికి మూలమైన అసలు కణం నాకంటే లక్షల రెట్లు చిన్నది. అది మీకు పరాయిదేం కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో రూపుదిద్దుకుని, పుణె సీరం ఇన్‌స్టిట్యూట్‌లో కోవిషీల్డ్ అని పేరు పెట్టించుకుని, మీలో ఎందరి జబ్బల్లోకో దిగిన టీకా అది.

నన్ను రూపొందించింది బ్రిస్టల్ కళాకారుడు ల్యూక్ జెర్రమ్. 2004 నుంచి ఆయన గాజు ఊదే నిపుణులతో సూక్ష్మజీవుల్ని చేయిస్తున్నాడు. మశూచి, హెచ్‌ఐవి, స్వైన్ ఫ్లూ, కరోనా నాకంటే ముందు పుట్టాయి. రోగాల ఇంట పుట్టిన మందును నేను. బ్రిటన్‌లో కోటిమందికి టీకా పడిన సందర్భానికి గుర్తుగా నన్ను చేశారు.

నా ఆకారం చింపాంజీలకు సోకే అడినోవైరస్‌ది. ఇరవై ముఖాలు, పన్నెండు మూలలు, మూలమూలకీ బయటికి పొడుచుకొచ్చిన ఒక తీగ. శాస్త్రవేత్తలు ఆ వైరస్ మన ఒంట్లో పెరగకుండా ఒక జన్యుభాగాన్ని తీసేసి, కరోనా వైరస్ మీదుండే ముల్లును తయారుచేసే జన్యువును అందులో పెట్టారు. కోరలు పీకిన పాముతో కబురు పంపడమన్నమాట! కబురందుకున్న శరీరం అసలు శత్రువు రాకముందే సిద్ధమవుతుంది.

నాకు రంగెందుకు లేదని చూసినవాళ్లు అడుగుతారు. కంటికి కనిపించే కాంతి తరంగాల పొడవు దాదాపు 400 నుంచి 700 నానోమీటర్లు. వైరస్‌లు చాలావరకు అంతకన్నా చిన్నవి. వాటికి రంగెక్కడిది? టీవీల్లో ఎర్రగా, పచ్చగా కనిపించేవన్నీ మనుషులు అద్దిన రంగులే. ఆ రంగులు జనంలో భయాన్ని ఎంత పెంచుతున్నాయన్నదే జెర్రమ్‌ను తొలిచిన ప్రశ్న. ఆయనకు వర్ణాంధత్వం ఉంది. రంగుల మాయ అలాంటివాడికే తొందరగా పట్టుబడుతుందేమో!

టీకా రూపాన్ని కదా అని నాకు పూజలు చేయకండి. నా మూలమైన టీకా ఎన్నో ప్రాణాలు నిలిపింది. అరుదుగా కొందరిలో రక్తం గడ్డలు కట్టించింది కూడా. కొత్త టీకాలొచ్చి గిరాకీ తగ్గిందంటూ 2024లో దాన్ని యూరప్‌లో అమ్మిన కంపెనీయే అక్కడి అనుమతిని వదులుకుంది. మేలూ కీడూ రెండూ దాచకుండా చెబితేనే సైన్సు.

మళ్లీ ఎప్పుడైనా ఎర్రటి వైరస్ బొమ్మ చూసి గుండె ఝల్లుమంటే ఒక్క క్షణం ఆగండి. ఆ ఎరుపు వైరస్‌ది కాదు, బొమ్మ వేసినవాడిది.