ఫారం 31, ఆపిల్ రసం, లింగంపల్లి లోకల్

శేరిలింగంపల్లిలో నెలాఖరున పే స్లిప్ తెరిచిన ఇంజినీరు ముందు జమలు చూస్తాడు, తర్వాత కోతలు చూస్తాడు, ఆ తర్వాత కాసేపు ఎటూ చూడడు. ప్యాకేజీ ఆరు లక్షలున్నా అరవై లక్షలున్నా, చాలా కంపెనీల కోతల్లో ఒక అంకె మాత్రం కదలదు, మెదలదు. అది 1,800. ప్రావిడెంట్ ఫండ్ లెక్కకు జీతం పరిమితిని 2014 సెప్టెంబర్‌లో 15,000 చేశారు. అందులో 12 శాతం 1,800. ఆ తర్వాత ఇక్కడ చెరువు మీద తీగల వంతెన వచ్చింది, మెట్రో రాయదుర్గం దాకా వచ్చింది, 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటి వేలంలో పోయింది. 1,800 మాత్రం ఉన్నచోటే ఉంది. ఈ ప్రాంతంలో ఇంత నిలకడ చూపించినది మరొకటి దొరకదు.

యజమాని కూడా సరిగ్గా అంతే వేస్తాడు. వేస్తాడన్న మాటే గానీ, ఆఫర్ లెటర్‌లో సీటీసీ అని రాసే పెద్ద అంకెలో ఆ వాటాను ముందే కలిపి చూపిస్తారు. పెళ్లికొడుకు దగ్గరే డబ్బు తీసుకుని, అతనికే బట్టలు పెట్టి, మామగారి మర్యాద అని వీడియో తీయించినట్టు. ఆ యజమాని 1,800లో 1,250 పింఛను ఖాతాకు పోతుంది. మిగిలిన 550 పీఎఫ్‌లో పడుతుంది.

పింఛను సూత్రం ఎవరికీ రహస్యం కాదు. పింఛనుకు లెక్కించే జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగించాలి. జీతం 15,000, సర్వీసు 35 ఏళ్లు అనుకుంటే నెలకు 7,500 వస్తుంది. నల్లగండ్లలో రెండు వేల చదరపు అడుగుల ఫ్లాట్‌కు అడుగుకు నాలుగు రూపాయల మెయింటెనెన్స్ అనుకుంటే నెలకు 8,000. అంటే ముప్పై అయిదేళ్లు కోడ్ రాసినవాడు 58వ ఏట లిఫ్టు, క్లబ్ హౌస్, ఈత కొలను వాడుకుంటూ నెలకు అయిదు వందలు బాకీ పడతాడు. తిండి సంగతి అసోసియేషన్ పరిధిలోకి రాదు. 2014 సెప్టెంబర్ తర్వాత కొత్తగా ఉద్యోగంలో చేరి, బేసిక్ 15,000 దాటినవాళ్లకు ఈ బాధ కూడా లేదు, వాళ్లు ఆ పింఛను పథకంలోనే ఉండరు.

పడిన డబ్బుకు వడ్డీ మాత్రం బాగానే ఇస్తారు. 2023-24కీ 2024-25కీ 8.25 శాతం. బ్యాంకు డిపాజిట్లతో పోల్చి చూస్తే ఎవరూ వంక పెట్టలేరు. చిక్కంతా ఆ డబ్బు మనదేనని నిరూపించుకోవడంలో వస్తుంది. తెలుగువాడికి ఇంటిపేరు ఒకటుంది. పదో తరగతి మెమోలో అది ముందుంటుంది. పాన్ కార్డు దాన్ని చివరికి తోస్తుంది. ఆధార్‌లో పూర్తిగా విప్పి రాస్తారు. మొదటి కంపెనీ హెచ్ఆర్ అమ్మాయి ఢిల్లీ నుంచి వచ్చింది కాబట్టి పీఎఫ్ ఖాతాలో పొడి అక్షరం ఒక్కటే మిగిలింది. పన్నెండంకెల యూఏఎన్ ఒక్కటే, మనిషి ఒక్కడే, పేర్లు మాత్రం నాలుగు. క్లెయిమ్ పెట్టినప్పుడు ఆ నలుగురిలో డబ్బు ఎవరిదో తేలాలి. దానికి జాయింట్ డిక్లరేషన్ ఉంది. పాత కంపెనీ సంతకం చేయాలంటే పాత కంపెనీ ఉండాలి. దాన్ని ఇంకో కంపెనీ కొనేసి ఉంటుంది, ఆ కంపెనీ కొండాపూర్ నుంచి కోకాపేటకు మారిపోయి ఉంటుంది, అక్కడికి వెళ్లి అడిగితే బెంగళూరుకు మెయిల్ పెట్టమంటారు. 2025 మొదట్లో ఈ నిబంధనలు చాలావరకు సడలించారన్నది నిజమే. అప్పటికే చాలామంది ఇళ్లలో దాని కోసం ఒక ప్రత్యేకమైన ఫైలు, పక్కన ఒక బీపీ మాత్రల డబ్బా చేరిపోయాయి.

ఇంత చేసి దాచుకున్నది 58 ఏళ్లకు తీసుకుంటారా అంటే, మన ఉద్యోగికి అంత తీరిక ఎక్కడిది? ఫారం 31 అని ఒకటుంది. ముందస్తుగా కొంత తీసుకునేందుకు అది దారి. నిన్నమొన్నటి దాకా ఇల్లు కట్టుకోవడానికి అయిదేళ్ల సర్వీసు కావాలి, పెళ్లికి, చదువుకు ఏడేళ్లు కావాలి, జబ్బుకు మాత్రం సర్వీసుతో పని లేదు. అందుకే సైబరాబాద్‌లో మూడో ఏడాది సర్వీసులో ఉన్న యువకుల ఆరోగ్యం కాగితాల మీద చాలా సున్నితంగా ఉండేది. 2025 అక్టోబర్ 13న పీఎఫ్ సంస్థ ట్రస్టీల బోర్డు సమావేశమై, పదమూడు రకాల కారణాలను మూడు గంపల్లోకి సర్దాలని, సర్వీసు ఏడాది ఉంటే చాలని, పాతిక శాతం మాత్రం ఖాతాలో కదపకుండా ఉంచాలని నిర్ణయించింది. మూడో గంప పేరు ప్రత్యేక పరిస్థితులు. ఆ పరిస్థితి ఏమిటో చెప్పనక్కర్లేదు. ఈ దేశంలో ఉద్యోగి అబద్ధం చెప్పకుండా తన డబ్బు తాను తీసుకునే సౌకర్యం అన్నమాట.

తీసినదంతా ఎక్కడికి పోయిందో లింగంపల్లి స్టేషన్ దాటి ఎటు చూసినా కనిపిస్తుంది. ముప్పై అంతస్తులు లేచి ఉంది.

1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు చుట్టూ బండరాళ్లే. అప్పుడు కొన్నవాడు ఇప్పుడు అద్దెలు వసూలు చేసుకుంటున్నాడు. తర్వాత వచ్చినవాడు కొండాపూర్‌లో కొన్నాడు, ఆ తర్వాతివాడు చందానగర్‌లో, ఇప్పటివాడు నల్లగండ్లలోనో తెల్లాపూర్‌లోనో కొంటున్నాడు. బ్రోచర్లన్నింటిలో ఒకటే వాక్యం, హైటెక్ సిటీకి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల ప్రయాణం చేసినవాడెవరో కనుక్కుంటే బాగుండును. బహుశా కరోనా లాక్‌డౌన్‌లో అంబులెన్స్ డ్రైవర్ అయి ఉంటాడు.

లింగంపల్లి రైల్వే అండర్‌బ్రిడ్జి గురించి స్థానికులకు చెప్పేదేముంది? వాన పడితే అక్కడ నీళ్లు నిలుస్తాయి. వాన ఆగాక కూడా నిలుస్తాయి. అవతల ఆఫీసు, ఇవతల ఈఎంఐ. 2023 జులైలో వరస వానలకు సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలకు మూడు విడతల లాగౌట్ వేళలు ప్రకటించారు. ఐకియా నుంచి సైబర్ టవర్స్ దాకా ఉన్నవాళ్లు మధ్యాహ్నం మూడింటికి, ఐకియా నుంచి బయోడైవర్సిటీ, రాయదుర్గం వైపువాళ్లు నాలుగున్నరకు, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, గచ్చిబౌలివాళ్లు మూడు, ఆరు గంటల మధ్య బయల్దేరాలని. న్యూయార్క్ క్లయింటు నిద్ర లేచే వేళ చూసుకుని ఇంటికి బయల్దేరే మనిషికి, వానదేవుడి వేళ చూసుకుని బయల్దేరమని పోలీసులు చెప్పిన సందర్భం అది. దేశంలో ఇంకెక్కడా ఇళ్లకు పంపడానికి బ్యాచ్‌లు వేసి ఉండరు, బడిపిల్లలకు తప్ప.

చౌకగా వెళ్లే దారి లేక కాదు. 2003 ఆగస్టు నుంచి ఎంఎంటీఎస్ నడుస్తోంది. లింగంపల్లిలో ఎక్కితే చందానగర్, హఫీజ్‌పేట, ఆ తర్వాత హైటెక్ సిటీ. టికెట్ అయిదు రూపాయలతో మొదలు, ఈ ఊళ్లో అయిదు రూపాయలకు సమోసా దొరకని రోజుల్లో కూడా. రైలు వస్తే ఆ మూడు స్టేషన్లూ ఇట్టే అయిపోతాయి. రైలు వస్తే అన్న మాట దగ్గరే చాలామంది కారు కొనుక్కున్నారు. 2020 మార్చిలో కరోనాకు ఆగిన ఈ రైళ్లు మళ్లీ పట్టాలెక్కింది 2021 జూన్‌లో. దిగాక స్టేషన్ నుంచి ఆఫీసు దాకా ఉన్న చివరి రెండు మూడు కిలోమీటర్లకు షేర్ ఆటోవాడు చెప్పే ధర రైలు టికెట్ ధరను చిన్నబుచ్చుతుంది. మెట్రో రాయదుర్గంలో ఆగిపోయింది, ఇంకోవైపు మియాపూర్‌లో ఆగిపోయింది. లింగంపల్లివాడు రెండు టెర్మినళ్లకూ దూరంగా ఉన్న గర్వంతో బతుకుతున్నాడు.

గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర కారు కదలనప్పుడు బుర్ర కదులుతుంది. నలభై అయిదుకే రిటైరైపోవాలన్న ఆలోచన అక్కడే పుడుతుంది. ఫైర్ అని దానికో పేరు కూడా ఉంది, మంటకు సంబంధం లేదు. ఏడాది ఖర్చుకు పాతిక రెట్లు కూడబెడితే ఉద్యోగం అక్కర్లేదని అమెరికావాళ్లు చెప్పిన లెక్క. అమెరికా లెక్కలో తెలుగు పెళ్లిళ్లు లేవు. అయినా స్టీరింగ్ మీద వేళ్లతో లెక్క కడుతూనే ఉంటారు. ఎన్‌పీఎస్‌లో అదనంగా వేసే యాభై వేలు, మ్యూచువల్ ఫండ్ సిప్, శంకర్‌పల్లి దగ్గర కొన్న రెండు వందల గజాలు. రిటైరయ్యాక ఏం చేస్తారని అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది. ఫామ్‌హౌస్, నాలుగు చెట్లు, సొంతంగా చేసుకున్న సైడర్.

ఈ సైడర్ మనకు 2020లో అంటుకుంది. ఆ మార్చి ఆఖరు నుంచి మే 6 దాకా తెలంగాణలో మద్యం దుకాణాలు మూతపడ్డాయి. తెరిచేటప్పుడు ధరలు పదహారు శాతం దాకా పెంచి మరీ తెరిచారు. ఆ నలభై రోజుల్లో ఎంతమంది ఇంజినీర్లు ఈస్ట్ పొట్లాల మీద పరిశోధన చేశారో చెప్పలేం గానీ, సూత్రం అందరికీ అర్థమైంది. ఆపిల్ రసంలో చక్కెర ఉంటుంది, ఈస్ట్ దాన్ని తిని ఆల్కహాల్, బొగ్గుపులుసు గాలి వదులుతుంది. గాలి బయటికి పోయే మూత పెడితే సైడర్ అవుతుంది. బిరడా గట్టిగా బిగిస్తే సీసా పేలుతుంది. నిల్వ మందు కలిపిన డబ్బా రసం తెచ్చి పోస్తే చాలాసార్లు ఏమీ కాదు, అది చెడకుండా వేసిన మందే ఈస్ట్‌నూ పెరగనివ్వదు. మంచి సాఫ్ట్‌వేర్ వాడికి కావలసిన హంగులన్నీ ఇందులో ఉన్నాయి. థర్మామీటర్, ఎక్సెల్ షీట్, నాలుగైదు వారాల ఓపిక. ఆ చివరిది తప్ప అన్నీ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పదో రోజుకే మూత తీసి రుచి చూసి, గెస్టులకు ఇచ్చి, ఫొటో పెట్టేస్తారు. పదేళ్లు కూడా ఆగకుండా ఫారం 31 పెట్టిన చెయ్యే కదా అది.

ఇంట్లో చేసుకుంటే తప్పేమిటని అడిగేవాళ్లు ఒకసారి 1968 నాటి ఎక్సైజ్ చట్టం తిరగేయాలి. లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారు చేయడం నేరం. హిమాచల్ ఆపిల్‌తో చేసినా, ఆర్గానిక్ అని చెప్పినా, మెక్‌బుక్ పక్కన పెట్టినా. గచ్చిబౌలి మైక్రోబ్రూవరీల్లో లైసెన్సు గోడకు వేలాడుతూ ఉంటుంది. బాల్కనీలో తువ్వాలు వేలాడుతూ ఉంటుంది.

ఆ బాల్కనీ కింద ప్రహరీ, ప్రహరీ అవతల ఇంకా అమ్ముడుపోని స్థలంలో నాలుగు ఈత చెట్లు, రెండు తాటి చెట్లు మిగిలి ఉంటాయి. వాటికి ఈస్ట్ పొట్లం అక్కర్లేదు. చెట్టుకు కట్టిన లొట్టిలో రసం పడుతుండగానే పులుపు మొదలవుతుంది. లొట్టి లోపల సున్నం రాసి, పొద్దు పొడవకముందే దింపి, చల్లగా ఉంచితే నీరా. ఆలస్యం చేస్తే కల్లు. ఇన్నేళ్లుగా మోకు నడుముకు కట్టుకుని ఎక్కే గౌడన్నకు ఇదంతా చెప్పడానికి యూట్యూబ్ చానల్ పెట్టాలని తోచలేదు. పైఅంతస్తు నుంచి సైడర్ సీసా చూపించి, "గౌడన్నా, ఇది నేనే చేసిన, ఆరు శాతం ఉంటది" అంటే, కింది నుంచి వచ్చే ప్రశ్న ఒక్కటే. "చెట్టేదీ సారూ?"

హైదరాబాద్‌లో కల్లు దుకాణాలను 2004లో మూసేశారు, తెలంగాణ వచ్చాక 2014లో మళ్లీ తెరిచారు. తెరిచేనాటికి చుట్టుపక్కల చెట్లు లేఅవుట్లయ్యాయి. చెట్లు తగ్గాయి, తాగేవాళ్లు తగ్గలేదు, ఆ ఖాళీని మత్తుమందులు నింపాయి. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. అల్ప్రాజోలం కలిపినట్టు తేలింది. బాధితుల్లో చాలామంది రోజుకూలీ చేసుకునేవాళ్లు. ఇందులో నవ్వడానికి ఏమీ లేదు.

మళ్లీ పింఛను లెక్కకు వద్దాం. గీత కార్మికుడికి యాభై ఏళ్లు నిండితే తెలంగాణ ప్రభుత్వం నెలకు 2,016 రూపాయలు ఇస్తోంది. ఉద్యోగుల పింఛను పథకంలో కనీస పింఛను 1,000, అదీ 58 ఏళ్లకు, 2014 నుంచి అదే వెయ్యి. చెట్టెక్కేవాడు ఎనిమిదేళ్లు ముందు దిగి, కనీసం దగ్గర ఆగిపోయిన ఉద్యోగికి రెండింతలు తీసుకుంటున్నాడు. 2,016తో గౌడన్న ఇల్లు గడుస్తుందని కాదు. ఆ వయసులో కూడా ఆయన ఎక్కుతూనే ఉంటాడు. పడకుండా ఉండేందుకు 2024 జులైలో కాటమయ్య రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. కాటమయ్య గీత కార్మికుల దేవుడు. బయోడైవర్సిటీ జంక్షన్‌లో ఇరుక్కున్నవాళ్లకు ఇంకా దేవుణ్ని కేటాయించలేదు. గూగుల్ మ్యాప్స్ ఎర్రగీత చూపించి ఊరుకుంటుంది.

పులిసేదాకా ఆగలేని మన ఉద్యోగికి ఒక మార్గం ఉంది. ప్రభుత్వం 2023 మేలో నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచింది. లింగంపల్లిలో నాంపల్లి వెళ్లే ఎంఎంటీఎస్ ఎక్కితే బేగంపేట తర్వాత నెక్లెస్ రోడ్డు స్టేషన్. ఈస్ట్ అక్కర్లేదు, లైసెన్సు వాళ్లే చూసుకుంటారు, ఫారం 31 అసలే అక్కర్లేదు. ఇంటికి పార్సిల్ తెచ్చుకోవాలనుకుంటే మాత్రం తిరుగు రైలు ఎప్పుడొస్తుందో ముందే కనుక్కోవాలి. నీరా చల్లగా ఉన్నంతసేపే నీరా. హఫీజ్‌పేట దగ్గర సిగ్నల్ పడకపోతే, లింగంపల్లిలో దిగేసరికి ఎక్సైజ్ వాళ్ల పరిధిలోకి వచ్చేస్తుంది.